మౌస్ తుపాకి

తీతూ, లేవంగనే నీ గేమింగ్ మౌస్ సంగతి చూడు. నేను ఎల్బీనగర్ ఆఫీసుకు పోతున్న. దాని సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌ల మళ్ల ఎక్కించిన. మామూలుగ తెరిస్తే సెట్టింగ్ సేవ్ అయితలేదు, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టి తెరువు. ఒక్కసారి నొక్కితే ఒక్క క్లిక్కే పడేటట్టు పెట్టి, మౌస్ మెమొరీల గూడ సేవ్ చెయ్యి.

"ఒక్క నొక్కుకు ఆటల తుపాకి ఆగకుండ పేలేటి సాఫ్ట్‌వేర్ తీసేసిన గదా అక్కా, ఇంకేం కాదు" అన్నవు. ఇంజినీర్ సార్ చెప్పిండు గదా అని నమ్మి, నిన్న చర్చిల పాటల స్లైడ్లు మార్చెతందుకు తీస్కపోయిన. ఒక్కసారి నొక్కిన. నీ తుపాకి అన్ని గుండ్లు పేల్చింది. పల్లవి అయిపోంగనే స్లైడ్లన్ని దాటి తెర మీద ఆఖరి ఆశీర్వాదం వచ్చింది. పాస్టర్ గారు ఇంకా వాక్యమే చెప్పలే, వెనకోళ్లు చెప్పుల కోసం లేసిర్రు. నీ ఆటల ఎంతమంది సచ్చిర్రో గని, ఈడ నా ఇజ్జత్ పోయింది.

ఉప్మా హాట్‌బాక్స్‌ల ఉంది, తిను.

— రెబెక్క

ఇంకోటి. నువ్వు కాలేజీ మానేసిన కాన్నుంచి నీతోని మాట్లాడని నాన్న, నిన్న చర్చి నుంచి ఇంటికొచ్చేదాంక నవ్వుతనే ఉన్నడు. ఇయ్యాల ఇంట్లనే ఉంటడు. మౌస్ బాగుచేసేముందు, అదెట్ల పేలుతదో ఆయనకొకసారి చూపియ్యి.