గోడెక్కిన పళ్ళేలు

యంగ్స్‌టౌన్,
1981 అక్టోబరు

నా బంగారు కల్యోపికి నాన్న ముద్దులు. నేను క్షేమం, మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు. నువ్వూ అల్లుడుగారూ ఆ ఫ్లోరిడా ఎండలో చల్లగా ఉన్నారని తలుస్తాను. సంతోషంలో గబగబా రాసేస్తున్నానమ్మా, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

నాకోసం గదికి రంగు వేయించానన్నావు, చల్లగా ఉండు తల్లీ. సముద్రపొడ్డున పెట్టుకోమని పంపిన టోపీ అందింది. హోటలు మీ బావ స్తెలియోస్‌కి అప్పజెప్పావా అని అడిగావు. అప్పజెప్పాను. ఆ మహానుభావుడి ఘనకార్యం విను.

మా లంబ్రోస్ బాబాయి హోటలు తెరిచినప్పుడు చేయించిన పింగాణీ పళ్ళేలు నీకు తెలుసుగా, వేలెడు మందం, నడుమ నీలం పడవ. తినడం అయితేగానీ పడవ కనబడదు. "పడవ తేలిందంటే వాడి కడుపు నిండిందిరా" అనేవాడు బాబాయి. పనుల్లేని ఆ పాడు రోజుల్లో కూడా, ఉత్త చిక్కుడుగింజల పులుసే అయినా పడవ మునిగేదాకా పోసేవాడు. అలాంటి పళ్ళేలకి తీగలు చుట్టి గోడనిండా వేలాడదీశాడమ్మా మీ బావ!

"ఇవి పాతకాలపు వస్తువులు మావయ్యా. తినడానికి కాదు, చూడ్డానికి" అన్నాడు. చూస్తే ఆకలి తీరుతుందా వీడి మొహం!

తినడానికేమో రంగురంగుల ప్లాస్టిక్‌వి కొన్నాడు. గుడ్లు చల్లారకుండా పళ్ళేలు పొయ్యి మీది అరలో వెచ్చబెడతాం కదా! పుట్టినప్పటి నుంచీ చూసిన అలవాటున ప్లాస్టిక్‌వి కూడా అక్కడే పేర్చాడు, బుర్ర తక్కువ వెధవ! అవి అప్పడాల్లా ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటినే ఊడబీకి గుడ్లు వడ్డించాడు.

ఉక్కు మిల్లులో పనిచేసిన ముసలి బొగ్డాన్ ఫోర్కుతో పొడిచి చూశాడు. "ఒరే స్తెలియో, ఇందులో గుడ్డేది, పళ్ళెమేది? రెండూ సాగుతున్నాయి!"

"కాస్త సర్దుకో తాతా."

"మిల్లు మూసేస్తే సర్దుకున్నాను. దీనికి మాత్రం సర్దుకోనురా!"

కుర్చీ ఎక్కి, గోడ మీది పళ్ళెం ఊడబీకి, చొక్కాతో తుడిచి "ఇందులో పెట్టు" అన్నాడు. ఇక ఆగేదెవరు? అందరూ కుర్చీలెక్కారు! మీ బావ ఏప్రాన్ విప్పి నా మొహాన కొట్టాడు. "నీ కొట్టూ నువ్వూ! నీ పళ్ళేలు నువ్వే కడుక్కో మావయ్యా!"

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతాను. ఆ ఏప్రాన్ నేను కట్టేసుకున్నాను తల్లీ. నువ్వు పంపిన విమానం టికెట్టు ఈ కవర్లోనే ఉంది. కోప్పడు, ఏడవకు. అంత అందమైన గదిలో కూర్చోబెడితే నేనూ గోడ మీది పళ్ళేన్నే అవుతాను.

మేకులు అలాగే ఉన్నాయి. ఒకదానికి నీ సముద్రపు టోపీ తగిలించాను. నువ్వొచ్చి తీసేదాకా అక్కడే ఉంటుంది. వచ్చే రోజు చెప్పు, నీ పళ్ళెం వెచ్చబెడతాను.

ఇట్లు,
మళ్ళీ చేతులకి సబ్బు వాసన పట్టిన
మీ నాన్న, థనాసిస్