తిరగేసిన వైర్లు

మాస్టారికి నమస్కారం.

నిన్న సాయంత్రం ఎర్ర గిటారు తీసుకెళ్ళిన అమ్మాయిని. మీ ఎదుట నోరు పెగలక ఇలా రాస్తున్నాను.

కేబుల్ గుచ్చే చోట గరగర వస్తోందని మీకిచ్చాను. అది పూర్తిగా పోయింది. మీ పనికి వంక పెట్టడం లేదు. కానీ మీరు, "ఎవడో తిక్కలోడు ఒక పికప్ వైర్లు తిరగేసి అతికాడమ్మా. నువ్వు అడక్కపోయినా అదీ సరిచేశాను" అన్నారు. నేను థాంక్స్ చెప్పి వచ్చేశాను. అలా అతికింది మా అన్నయ్య. పోయి నాలుగు నెలలైంది.

స్విచ్చి మధ్యలో పెడితే, తీగల కింద శబ్దం పట్టే ఆ పికప్‌లు రెండూ కలిసి నిండుగా పలకాలట. అన్నయ్య పొరపాటు వల్ల ఒకదాని గొంతు ఇంకొకటి నొక్కేసి, జలుబు చేసినట్టు సన్నగా పలికేది. "తప్పేనే, కానీ నాకిలాగే బాగుంది" అనేవాడు. ఏడేళ్ళు గోడ అవతలి నుంచి మేము విన్నది ఆ గొంతే.

నాకు వాయించడం రాదు. ఇంటికి తెచ్చి, తలుపు వేసుకుని, అన్నయ్య స్పీకరు పెట్టెకి కేబుల్ కలిపి, స్విచ్చి మధ్యలో పెట్టి తీగలన్నీ ఒక్కసారి మీటాను. వంటింట్లోంచి అమ్మ, "ఎవరిదే ఆ గిటారు? మనది ఇంకా ఇవ్వలేదా ఆయన?" అని అడిగింది.

ఇంకా లేదన్నాను.

బుధవారం మళ్ళీ తెస్తాను. దయచేసి ఆ రెండు వైర్లూ తప్పుగానే అతికి పెట్టండి. షాపులో మాత్రం నన్నేమీ అడగకండి, చెప్పలేను. గురువారానికి మన గిటారు వచ్చేస్తుందని అమ్మతో అన్నాను.