మారెక్క పోసిన నీళ్లు

వల్లూరు, ఏప్రిల్ 1987, మంగళవారం

మారెక్క కోడలికి కాన్పయింది కదా, ఇవాళ బిడ్డ బొడ్డు చూడటానికి వెళ్లాను. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, రెండు చెంబులు నీళ్లు పోయమన్నాను. ముసలామె ఇంతెత్తున లేచింది.

"రెండు చెంబులా! పొద్దన్నుంచి బోరింగు కాడ నిలబడితే ఒక్క బిందె వచ్చిండాది నర్సమ్మా!"

మురికి చేతులు తగిలితే బొడ్డు చీము పడుతుందని చెప్పాను. గొణుక్కుంటూనే పోసింది.

బొడ్డు శుభ్రంగా ఉంది. అంతలో పక్కింటామె వచ్చి, శెనక్కాయలు వలిచిన చేతులతోనే బిడ్డను ఎత్తుకోబోయింది.

"ముట్టుకోవద్దు! ఆ బొడ్డుకు రెండు చెంబులు పోసినాను!" మారెక్క అరుపుకు బిడ్డ కూడా ఉలిక్కిపడింది.

నేను నవ్వుతూ నుదుటి చెమట తుడుచుకుని బిడ్డవైపు వంగాను.

"నువ్వూ అంతేనా? మళ్లీ కడుక్కో. పోసిన నీళ్లు దండగ చేస్తావా?"

ఆ రెండు చెంబులు దండగ కాకూడదని మూడోది తనే పోసింది!

రేపు డాక్టరుగారు బిడ్డను చూడటానికి వస్తారు. నశ్యం పీల్చిన వేళ్లతోనే అందరినీ ముట్టుకుంటారు. నేను చెబితే కోపం. అందుకే ఏమీ చెప్పను. రేపు బోరింగులో నీళ్లు వచ్చి, మారెక్క ఇంట్లోనే ఉంటే చాలు...