అమ్మకు ఈత వచ్చు

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు రెండేళ్లు. ఈసారి మన ఊరు బెళుగుప్పలో ఏడుస్తూ కూర్చోవద్దని అమ్మను చెన్నైలో ఓడ ఎక్కించి, శ్రీలంక చూపించడానికి తీసుకొచ్చాను.

ఓడ అమ్మకు బాగా నచ్చింది. పొద్దున్నే పైఅంతస్తులో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతుంది. తిన్న ప్లేటు తానే కడుగుతానని వడ్డించే పిల్లలతో గొడవ పడుతుంది. సాయంత్రం పాటలకు ముందు వరసలో ఉంటుంది.

నిన్న ట్రింకోమలీలో ఓడ ఆగితే అందరితో పాటు బీచికి వెళ్లాం. నేను చెప్పులు విప్పేలోపే అమ్మ చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది.

"అమ్మా, యాడికి పోతాండావు?" అని అరిచాను.

వినకుండా ఈదుకుంటూ పోయింది. తల ఒక్కటే కనబడుతోంది. నేను ఒడ్డు వెంట పిలుస్తూ పరుగెత్తాను. కాసేపటికి నవ్వుతూ తిరిగొచ్చింది.

"నీకు ఈత యాడ వచ్చిందమ్మా?"

"పెండ్లైన కొత్తల్లో మన బాయిలో రోజూ కొడ్తాంటి. మీ నాయనకు నేర్పిచ్చింది గూడా నేనే. శానా భయం ఆయప్పకు. నా మెడ పట్టుకుంటే ఇడిసేటోడు గాదు. దా, నీకూ నేర్పిస్తా."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ బావి ఎండిపోయే ఉంది. అందులో మీరిద్దరూ ఈదారని నువ్వెప్పుడూ చెప్పలేదు.

నడుము లోతు నీళ్లలో అమ్మ నన్ను బోర్లా తేల్చి, కడుపు కింద చెయ్యి పెట్టింది. భయంతో ఆమె మెడ పట్టుకున్నాను.

"అచ్చం మీ నాయనే," అంది అమ్మ.

ఆ తర్వాత చాలాసేపటి దాకా తన మెడ మీంచి నన్ను చెయ్యి తియ్యమనలేదు.