నీ జట్టు ఆఖరి ఆట

అన్నా,

నువ్వు చదవవని తెలుసు. అయినా కలకత్తా ఫుట్‌బాల్ లీగు ఆఖరి ఆట సంగతి నీకు కాక ఇంకెవరికి రాయను?

ఇవాళ గెలిస్తే ఈ ఏటి లీగు నీకిష్టమైన జట్టుదే. జువ్వలదిన్నె కుర్రాళ్లమంతా పంచాయతీ రేడియో చుట్టూ చేరాము. నువ్వు పోయి ఏడాది నిండేదీ ఇవాళే. నువ్వు మునిగిన చోట టెంకాయ కొట్టి వస్తానని నాయన ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్లాడు. అదంతా మూఢనమ్మకమని, హేతువాదుల కరపత్రాల్లో చదివిందల్లా ఆయన మీద అరిచి, నేను వెళ్లలేదు.

ఆట సగం దాటేసరికి తూర్పున మబ్బు నల్లబడింది. లేచి రేడియోను మద్రాసు వార్తలకు తిప్పేశాను.

"ఏందిరా, నీ అబ్బ సొమ్మా రేడియో?" అని వెంకటేసు నా చొక్కా పట్టుకున్నాడు.

"మా నాయన నీళ్ల మీదుండాడ్రా!"

అంతలో రేడియో వాయుగుండం అంది. వెంకటేసే అందరికంటే ముందు ఒడ్డుకు పరుగెత్తాడు. నాయనకు దారి తెలియాలని ఎండు తాటాకులు తగలబెట్టి, గొంతులు పోయేలా కేకలు పెట్టాము. చీకటి పడుతుండగా తెప్ప కనబడింది. నీళ్లలోకి దిగి లాక్కొచ్చాము.

నాయన ఉప్పునీళ్లు ఉమ్మి, "వాడి జట్టు గెలిచిందంట్రా?" అన్నాడు. నీ బంతిని కత్తితో కోసిన మనిషి, అన్నా.

"గెలిచింది నాయనా" అన్నాను.

గాలి తగ్గింది. ఆట ఎవరు గెలిచారో నాకూ తెలియదు. రేపు నెల్లూరు బస్సులో పేపరు వస్తుంది. ఆయనకు చదివి వినిపించాల్సింది నేనే.