తలుపు మీద మూడు

తమ్ముడూ, అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు మాత్రం ఎవరి మాటా వినడం లేదు. నీ కూతురికి దగ్గు తగ్గి, మళ్లీ ఇల్లు పీకి పందిరేస్తోంది.

ముందు నీ ఉత్తరంలో సంగతులకి జవాబు చెప్పేస్తాను, లేకపోతే నా మనసు ఎటో పోతుంది. ఓడ వంటగదిలో చేయి కాల్చుకున్నానని రాశావు, మందు పూశావో లేదో రాయలేదు. అమ్మ రెండు రోజులు సరిగా తినలేదు. జనాభా లెక్కల్లో నిన్ను రాయలేదని అలిగావట. ఏం చేయనురా? ఆరు నెలలుగా ఇంట్లో ఉంటున్నవాళ్లనే రాయమన్నారు, వాళ్లు ఏ దేశం వాళ్లైనా సరే. నువ్వు ఓడెక్కి పదకొండు నెలలైంది.

బడి అయ్యాక మా టీచర్లందరికీ ఇదే పని. మన వీధి, వెనక వీధి నా వంతు. ఇంటింటికీ వెళ్లి పెన్సిల్‌తో రాసుకుని, తలుపు మీద సుద్దతో ఇంటి నంబరూ, పక్కన మనుషులెందరో అంకె కూడా వేయాలి. తర్వాత తీరిగ్గా పెన్నుతో దిద్దాలి. 

స్టాఫ్ రూములో రోజూ గొడవే. డ్రాయింగు మాస్టారు, “పరాయి దేశం వాళ్లనీ కలిపేస్తే ఇంక మన లెక్కేంటి? వాళ్లని కూడా లెక్కలో చూపించి, జనం ఎక్కువున్నారని పక్క ఊరు మన బస్సులు కూడా పట్టుకుపోతుంది” అంటారు. లెక్కల టీచరు ఊరుకుంటుందా? “మీరెక్కే బస్సే వాళ్లూ ఎక్కుతున్నారు మాస్టారూ! ఎక్కేవాళ్లెందరో తెలీకుండా బస్సులెన్ని కావాలో ఎలా చెప్తారు?” అంది. నేనూ ఆవిడ పక్షాన గట్టిగానే అరిచాను.

వెనక వీధి కుట్టు షెడ్డులో పదకొండు మంది ఉంటున్నారు, అందరూ సరిహద్దు అవతలి వాళ్లే. నన్ను చూడగానే సగం మంది మిషన్లు వదిలేసి వెనక గుమ్మం వైపు నడిచారు. కటింగ్ మాస్టరు కత్తెర పక్కన పెట్టి, “ఈ కాగితం రేపు ఎవరి చేతికెళ్తుంది టీచరమ్మా? మీ ఇంట్లో మాలాంటి వాళ్లుంటే రాస్తారా?” అని అడిగాడు. “ఎందుకు రాయను?” అన్నాను, తడుముకోకుండా. ఆ ఒక్క మాటకి పదకొండు మందీ పేర్లు చెప్పారు.

ఇంక దాటవేయలేను. నీ పెళ్లాన్ని నేను రాయలేదురా.

తన పౌరసత్వం అర్జీ ఇంకా ఆఫీసులోనే నలుగుతోందని నీకు తెలుసు కదా. మన ఇంటి వంతు వచ్చిన రోజు మంచి చీర కట్టుకుని, నాకు కుర్చీ వేసి, ఎదురుగా కూర్చుంది. “అడగండి వదినా” అంది. పేరు, వయసు, పుట్టిన చోటు, అన్నీ అడిగాను. అన్నిటికీ ముచ్చటగా చెప్పింది. నా పెన్సిల్ మాత్రం ఉత్తుత్తినే కదిలింది. అమ్మ, నేను, పాప. తలుపు మీద మూడు వేసేశాను. ఆ కాగితం పట్టుకుని ఎవరో వచ్చి తనని సరిహద్దు దాటిస్తే నీకేం చెప్పను, పాపకేం చెప్పను? ప్రేమతో చేశానని బుకాయించను. భయపడ్డాను.

ఎనిమిది రోజులు తను ఆ తలుపు తుడిచింది, ఆ అంకె చెరగకుండా దాని చుట్టూ తుడిచింది. బజార్లో కటింగ్ మాస్టరు నమస్కారం పెడితే నేను తల తిప్పుకున్నాను.

నిన్న భోజనాల వేళ ఉండబట్టలేక చెప్పేశాను. తను కంచాలు పెడుతోంది.

“తెలుసు వదినా. రోజూ నాలుగు కంచాలు పెడుతున్నాను, తలుపు మీద మూడే ఉంది. ఎవరి కంచం తీసేయమంటారో అని చూస్తున్నాను.”

“భయమేసిందమ్మా.”

“నాకూ భయమే. కానీ పట్టుకెళ్తే నన్నే కదా పట్టుకెళ్లేది? ఒక్కసారి నన్ను అడగొద్దూ?”

అప్పుడు అడిగాను. రాయమంది. పెన్నుతో రాశాను. ఆ మూడుని తనే కొంగుతో తుడిచి, సుద్ద తీసుకుని నాలుగు వేసింది, నా అంకె కన్నా పెద్దగా.

పొద్దున సూపర్‌వైజరు వచ్చి జనాభా లెక్కల పుస్తకం పట్టుకెళ్లాడు. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. చేసింది ఒప్పో తప్పో తేల్చుకోలేకపోతున్నాను. ఏమైనా అయితే నన్ను తిట్టు, తనని ఒక్క మాట అనకు.

నీకో మాట రాయమంది: “ఈ దేశం కాగితాలున్న ఆయన ఈ ఇంటి లెక్కలో లేరు, లేని నేనున్నాను. వచ్చే లెక్కలకైనా ఇంట్లో ఉండమనండి.” అలా అని నవ్వింది. నవ్వి లోపలికి వెళ్లిపోయి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు. తొందరగా రారా.

ఇట్లు,
గేటు చప్పుడైతే చాలు లేచి నిలబడుతున్న
నీ అక్క