ఆదివారం పాటకు తనిఖీ

కార్యదర్శిగారికి,
నమస్కారం.

మీ అభిమాన సంఘం వచ్చే నెల ఒక శని, ఆదివారాల్లో బ్యాండు కచేరీ వినడానికి ఓడెక్కి పొరుగుదేశం వెళ్తోంది. జాబితాలో మా ఇద్దరి పేర్లున్నాయి. ఇచ్చింది నా భార్య. ఆమె పోయి డెబ్బై ఒక్క రోజులైంది.

రెండు పేర్లూ కొట్టేయండి. ఆ బ్యాండంటే ఇష్టం ఆమెకి. నేను తోడు మాత్రమే.

ఇట్లు,
తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు

తా.క. ఉత్తరం ముక్తసరిగా ఉందనుకోకండి. మొదట రాసింది దీనికన్నా చిన్నది.

*

ఇన్‌స్పెక్టరుగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం చదివి మిషను ఆపేసి కూర్చున్నాను. నాది కుట్టు దుకాణం లెండి, సంఘం పనులు బొత్తాలు కుట్టే మధ్యలో చూస్తుంటాను. ఆవిడ రెండుసార్లు ఇక్కడికి వచ్చారు. కత్తెర చప్పుడు హాయిగా ఉందని కాసేపు కూర్చుని వెళ్ళారు.

కానీ ఒక్క తేడా ఉందండీ. ఫారంలో అభిమాని గడిలో ఉన్నది మీ పేరు. తోడు గడిలో ఆవిడ పేరు. కింద ఇలా రాశారు: "మావారు పైకి చెప్పరు. పాట వస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, కదలకుండా కూర్చుంటారు. పెళ్ళైన కొత్తలో ఆ రికార్డు ఆయనే కొని తెచ్చారు."

ఇంతటి అభిమాని పేరు కొట్టేయడానికి నాకు చేతులెలా వస్తాయి? మీరు రావాలి.

మీ మేలు కోరే,
కార్యదర్శి

తా.క. అందరికీ నీలం చొక్కాలు కుట్టేశాను. మీదీ అయిపోయింది. కొలతలు ఆవిడే ఇచ్చారు. మీరు నిద్రపోతుండగా తీశారట.

*

కార్యదర్శిగారికి,

ఫారంలో పొరపాటుంది. రికార్డు కొన్నమాట నిజం. ఏది కొనాలో తెలియక నిలబడితే దుకాణదారు, ఇది ఆడవాళ్ళకు నచ్చుతుందన్నాడు. తెచ్చిచ్చాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఆమె దాన్ని పెట్టేది. కిటికీ ఎండ నేల మీద చాపంత పరుచుకునేది. ఆమె తన కుర్చీలో, నేను నా కుర్చీలో. ముప్పై ఒక్క ఏళ్ళు. నేను కళ్ళు మూసుకున్నది ఆనందంతో కాదు, ఓర్పుతో.

ఆమె ముచ్చట పాడుచేయడం ఇష్టంలేక ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. నిద్రపోయే మనిషి ఛాతీ రెండు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ఆ చొక్కా బిగుతవుతుంది.

*

అన్నయ్యగారికి,

ఇన్‌స్పెక్టరుగారూ అని పిలవడానికి ఇక మనసొప్పలేదు, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. అందరూ కళ్ళొత్తుకున్నారు. ఈ కాలంలో ఇంత వినయమా అని ఒకరు, మనం చప్పట్లు కొట్టి గోల చేస్తాం గానీ అభిమానమంటే ఇదీ అని ఇంకొకరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకటే రికార్డు విన్నవాడు అభిమాని కాకపోతే మరెవరు అని మా అధ్యక్షులు తేల్చేశారు. ముందు వరుసలో నడిమి కుర్చీ మీకే.

నా మాట నమ్మరని ఫారం కూడా పంపిస్తున్నాను. రెండో పేజీ చూడండి. తోడు వచ్చేవాళ్ళకు చెవుల్లో పెట్టుకునే దూది ఇస్తాం, కావాలా అని అడుగుతాం. ఆవిడ "కావాలి. రెండు జతలు" అని రాశారు. పక్కనే చిన్న అక్షరాల్లో, "ఆయనకు తెలియకూడదు."

మీ చెల్లెలి వంటిది,
కార్యదర్శి

తా.క. చొక్కా వదులు చేశాను. ఇప్పుడు అందులో మా అధ్యక్షులు కూడా పడతారు, మీతో పాటు.

*

కార్యదర్శిగారికి,

ఫారం అందింది. ఆమె చేతిరాతే.

ఆమె నా కోసం భరించింది. నేను ఆమె కోసం. అంటే ఆ పాట మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. పదహారు వందల ఆదివారాలు.

ఉద్యోగంలో నేను ఒక్క దొంగ తూనికరాయిని వదల్లేదు. నిన్న మధ్యాహ్నం రికార్డు పెడదామని లేచాను. అట్టలోంచి తీసి, మళ్ళీ అట్టలోనే పెట్టాను. ఎండ వచ్చింది, రెండు కుర్చీల మధ్య కాసేపు ఉంది, వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ అక్కడ ఏం చేస్తూ కూర్చున్నామో నాకు తెలియాలి. ఇంట్లో కూర్చుంటే తేలదు.

శనివారం తనిఖీకి వస్తున్నాను.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. దూది నాకూ ఒక జత.

*

అన్నయ్యగారికి,

తనిఖీ అన్నమాట చూడగానే, అది నా దుకాణానికేనని తెలిసిపోయింది. నా కొలతల టేపు సంగతి ఆవిడ మీ చెవిన వేసే ఉంటారు. ఒప్పుకుంటున్నాను. ఇరవై ఏళ్ళ టేపు, వాడీ వాడీ సాగింది. అందుకే ఈ వీధిలో సగంమంది నడుము తగ్గిందని మురిసిపోతున్నారు. మీ ఉత్తరం అందగానే కొత్తది కొన్నాను. దాంతో కొలిచేసరికి ఇద్దరు ఆడవాళ్ళు నాతో మాటలు మానేశారు.

యాత్రకు నేను రావడం లేదు. ఓడంటే నాకు పడదు, ఒడ్డున నిలబడినా కళ్ళు తిరుగుతాయి. మావారు మీ వెంట ఉంటారు. దయచేసి ఆయన్ని టేపు గురించి అడగకండి. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. కచేరీ సంగతులు మాత్రం తప్పకుండా రాయండి.

భయభక్తులతో,
కార్యదర్శి

తా.క. పాత టేపు పారేయలేదు. నన్ను నేను కొలుచుకోవడానికి దాచుకున్నాను.

*

చెల్లెమ్మకు,

అవతలి ఒడ్డున, హోటలు గదిలో, ఆదివారం పొద్దున రాస్తున్నాను. నీ టేపు జోలికి రానమ్మా. తనిఖీ చేసుకోవలసింది నన్ను నేనే.

ఓడ పెద్ద త్రాసులా నిదానంగా ఊగుతూ వచ్చింది. అంతా పొగమంచు. ముందు ఏమీ కనపడదు, వెనక ఏమీ కనపడదు. నీలం చొక్కాలు అందులో కాసేపు తేలి, మాయమై, మళ్ళీ తేలేవి. మా ఇంటి ఆదివారమే మమ్మల్ని మోసుకుపోతున్నట్టుంది.

కచేరీ నిన్న సాయంత్రం. పాడేవాళ్ళు నలుగురు, నా ఈడువాళ్ళు. చెవుల్లో దూదితో కూర్చున్నాను. మూడోది మా పాట. దూది ఎప్పుడు తీశానో తెలియదు. కళ్ళు మూసుకున్నాను. నేల మీద ఎండ వచ్చింది. ఆమె కుర్చీ కిర్రుమంది. కాసేపటికి ఎవరో బిగ్గరగా పాడుతున్నట్టు తెలిసింది. కళ్ళు తెరిస్తే వరుసంతా నావైపే చూస్తోంది. గొంతు నాది. పైగా వేదిక మీద వాళ్ళకన్నా రెండు పంక్తులు ముందున్నాను.

మా రికార్డు మీద ఒక గీత ఉంది. అక్కడికి రాగానే ముల్లు ఎగిరి రెండు పంక్తులు దాటేస్తుంది. మేము ఆ పాటను ఎప్పుడూ అలాగే విన్నాం. ఊరికే ఓర్చుకున్నవాడికి పాటంతా నోటికెలా వస్తుంది? అక్కడ కూర్చుని ఉండగానే ఇంకొకటి గుర్తొచ్చింది. వారం మధ్యలో, నేను పక్కగదిలో ఉన్నానని మరిచిపోయి, ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీసేది. ఆ పాటే. తనూ అక్కడ దాటేసేది.

ఎప్పుడు ఇష్టపడ్డామో ఇద్దరికీ తెలియలేదు. ఒకరికొకరం చెప్పుకోలేదు. అంతే జరిగింది.

ఆ రెండు పంక్తులు నిన్న మొదటిసారి విన్నాను. ఆమె వినలేదు. ఇంటికెళ్ళాక చెబుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క. కచేరీ అయ్యాక పాడినాయన దగ్గరికొచ్చి, మధ్యలో రెండు పంక్తులు వదిలేసి ఎక్కడికండీ ఆ పరుగు అని నవ్వాడు. మా ఇంట్లో ఆ పాట అంత పొడవుండదని చెప్పాను.